వేసవి శిక్షణలో పక్కీరప్ప దావా

కోర్టులకు వేసవి సెలవులు ఇచ్చిన మరునాడే ప్రభుత్వ ప్లీడరు ఆఫీసులో లా విద్యార్థులకు శిక్షణ మొదలైంది. కోర్టు నడిచే రోజుల్లో పిల్లలు వస్తే పనికి అడ్డమని, పని లేని నెల చూసి పెట్టారు. పైనుంచి వచ్చిన ఉత్తర్వులో మాత్రం 'ప్రభుత్వ వ్యాజ్యాల నిర్వహణలో యువ న్యాయ ప్రతిభకు ప్రత్యక్ష అనుభవం' అని రాసి ఉంది.

ఆ రోజు దూదేకుల పక్కీరప్ప వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ప్రతి నెలా మొదటి సోమవారం అతని చోటు అదే. గుండ్లవంక నుంచి మొదటి బస్సుకు వస్తాడు, సాయంత్రం బస్సుకు పోతాడు. డెబ్బై రెండేళ్ళు. చూపున్నన్నాళ్ళూ దూది ఏకి పరుపులు కుట్టాడు. ఆ జిల్లాలో పెద్ద ఉద్యోగులు చాలామంది అతను కుట్టిన పరుపుల మీద నిద్రపోయారు. వాళ్ళు ఆఫీసులో కూడా నిద్రపోతారని అతనికి దావా వేశాకే తెలిసింది.

అతని దావా చిన్నది. ఊరి చివర గోరీల మిట్టకు పోయే దారికి అడ్డంగా ప్రభుత్వ గిడ్డంగి వాళ్ళు రాతి గోడ కట్టారు. ఆ గోడలో ఎనిమిదడుగులు తీసి దారి వదలమని అడిగాడు. మిట్ట మీద అతని భార్య ఇమాంబి గోరీ ఉంది. ఆమె పోయి పన్నెండేళ్ళు. మొదటి మూడేళ్ళు శుక్రవారం తప్పకుండా పోయి, ఊదొత్తులు ముట్టించి, ఊళ్ళో సంగతులు నాలుగు చెప్పి వచ్చేవాడు. గోడ వచ్చాక ఊరి వాగైన వంకలోకి దిగి, రాళ్ళమీద చుట్టూ మూడు మైళ్ళు నడవాల్సి వచ్చింది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఇప్పుడు నెలకొక్కసారి పోగలిగితే గొప్ప.

దావా వేసి తొమ్మిదేళ్ళయింది. దారి ఇవ్వబోమని ప్రభుత్వం అనలేదు, ఇస్తామనీ అనలేదు. జవాబు దాఖలు చెయ్యడానికి గడువు కావాలని అడిగింది. వాయిదా వాయిదాకీ అదే అడిగింది.

"ఏం పక్కీరప్పా, ఇంకా ఉండావా?" అన్నాడు సూపరింటెండెంటు సంజీవరాయుడు, చేతిసంచీ ఊపుకుంటూ మెట్లెక్కి.

"మీ జవాబు వచ్చేదాకా ఉండాల గదా సార్."

"కోర్టుకు సెలవులయ్యా. సెలవుల్లో ఏంటికొచ్చినావు?"

"కోర్టు ఉన్నప్పుడు కోర్టుకు పోవాల, తీరిక లేదంటారు. ఇప్పుడు తీరికుంటాదని వచ్చినా."

"ఇప్పుడు శిక్షణ ఉండాది" అని లోపలికి పోయాడు సంజీవరాయుడు.

లోపల పన్నెండుమంది పిల్లలు తెల్లచొక్కాలు, నల్లకోట్లు వేసుకుని, ఆ ఎండలో చెమటలు కారుస్తూ నిలబడ్డారు. ప్రభుత్వ ప్లీడరు వరదరాజులు గారు ప్రసంగించారు. కిటికీ పక్కనే బెంచీ కాబట్టి పక్కీరప్పకు ప్రతి మాటా వినపడింది.

"చిరంజీవులారా, న్యాయశాస్త్రము మహాసముద్రము. ప్రభుత్వము ఆ సముద్రమున అతిపెద్ద కక్షిదారు. అట్టి కక్షిదారు రహస్యములు మీ చేతిలో పెట్టబోవుచున్నాము. ఏ ఒక్క రహస్యమూ ఈ గడప దాటరాదు. దాటించినవారికి ధ్రువపత్రము ఇవ్వబడదు."

పిల్లలు తల ఊపి హామీపత్రాల మీద సంతకాలు పెట్టారు. ఆ తర్వాత సంజీవరాయుడు వివరంగా చెప్పాడు.

"తెలిసినదాన్ని దాచుకోవడం కష్టం. మనిషన్నాక ఎక్కడో ఒకచోట నోరు జారతాడు. తెలియనిదాన్ని జార్చడం ఎవరి తరమూ కాదు. కాబట్టి మీరు ఫైళ్ళు తెరవకూడదు."

"తెరవకుండా ఎలా నేర్చుకోవాలి సర్?" అని ఒకమ్మాయి అడిగింది. పేరు యశస్విని. చివరి సంవత్సరంలోకి రాబోతోంది. ధ్రువపత్రం తేకపోతే కాలేజీ వాళ్ళు పరీక్ష రాయనివ్వరు.

"బయటినుంచి" అన్నాడు సంజీవరాయుడు. "నేను ఇరవై ఆరేండ్లుగా బయటినుంచే నడుపుతాండా."

మొదటి వారం పిల్లలు ఫైళ్ళను బయటినుంచి చదివారు. అట్ట రంగు చూశారు. దుమ్ము మందం చూశారు. కూరగాయల తక్కెడ ఒకటి తెప్పించి తూకం వేశారు. అయిదు కిలోలు దాటితే భూసేకరణ. రెండు కిలోలైతే ఉద్యోగి పింఛను. వాసన వస్తే ఆసుపత్రి. ప్రతి ఫైలు మీదా పేజీన్నర సారాంశం రాసి ఇవ్వాలి, పదికి ఇన్ని అని మార్కులు పడతాయి. గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు ఒక ఫైలును చెవి దగ్గర పెట్టుకుని ఊపి, 'ఇందులో ఫొటోలు ఉన్నాయి, కాబట్టి ఆక్రమణ' అని రాశాడు. వరదరాజులు గారు అతనికి తొమ్మిది వేసి, "ఇట్టి సూక్ష్మబుద్ధి నాకు ఈ వయసున లేకుండెను" అని మెచ్చుకున్నారు.

రెండో వారం గొడవ అయింది. పక్కీరప్ప ఆ రోజు మనసు ఆగక, సోమవారం కాకపోయినా బస్సెక్కి వచ్చాడు. అందువల్ల చెవులారా విన్నాడు.

యశస్విని తూకానికని ఒక ఫైలు ఎత్తింది. కట్టిన గుడ్డ చెదలు తిని ఉంది. కాగితాలన్నీ కాళ్ళమీద పడ్డాయి. ఏరుకునేటప్పుడు కళ్ళు మూసుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి ఒక కాగితం పట్టుకుని సంజీవరాయుడి బల్ల దగ్గరికి పరుగెత్తింది.

"సర్, గుండ్లవంక దావా. గిడ్డంగి ఇంజనీరు గారే ఉత్తరం రాశారు. 'గోడ పొరపాటున దారి మీద కట్టాము, ఎనిమిదడుగులు తీసివేయుటకు మాకు అభ్యంతరం లేదు' అని. తేదీ చూడండి సర్. దావా వేసిన నెలకే వచ్చింది."

బెంచీ మీద పక్కీరప్ప లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ సంగతి గుర్తు రాలేదు.

లోపల సంజీవరాయుడు మెల్లగా అడిగాడు.

"చదివినావా?"

"చదివాను సర్. ఇదే మన జవాబు కదా. దాఖలు చేస్తే..."

"జవాబు సంగతి తర్వాత. చదివినావా, లేదా?"

గంటలో విచారణ జరిగింది. ఉత్తరంలో ఏముందన్నది విచారణాంశం కాదని వరదరాజులు గారు మొదటే తేల్చేశారు. ఎవరు చదివారన్నదే అంశం. యశస్విని రెండు పేజీల సంజాయిషీ రాసింది. ఇకమీదట ఏదీ చదవనని, ఇదివరకు చదివింది మరిచిపోవడానికి మనస్ఫూర్తిగా కృషి చేస్తానని అందులో ఉంది. ఉత్తరాన్ని కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

పక్కీరప్ప గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆ కాగితం నాకీండి. జడ్జిగారికి చూపిచ్చుకుంటా."

"ఏ కాగితం?" అన్నాడు సంజీవరాయుడు.

"ఇప్పుడు పాప చదివిందే."

"పాప చదవలేదు. చదివింది మరిచిపోతానని రాసిచ్చింది. లేని కాగితం యాడనుంచి తేవాల నీకు?"

యశస్విని తల వంచుకుని గోడవైపు తిరిగింది. పక్కీరప్ప మళ్ళీ బెంచీ మీద కూర్చుని, సాయంత్రం బస్సు దాకా అక్కడే ఉన్నాడు.

ఈ గొడవతో వరదరాజులు గారికి ఒక సంగతి అర్థమైంది. నిజం ఫైళ్ళు పిల్లలకు ప్రమాదకరం. కాబట్టి నమూనా ఫైలు కావాలి. నమూనా దావా, నమూనా విచారణ, నమూనా తీర్పు. వాదిగా మాత్రం నిజం మనిషి ఉంటే శిక్షణకు సహజత్వం వస్తుంది. అటువంటివాడు వరండాలో సిద్ధంగా ఉన్నాడు.

"నీకు ఇబ్బందేం లేదు పక్కీరప్పా" అన్నాడు సంజీవరాయుడు, మొదటిసారి పక్కన కూర్చుని. "టీ ఇస్తాం. నీ గోడ కథే చెప్పుకో. కాకపోతే ఉత్తుత్తిది."

"నిజందానికే దిక్కు లేదు, ఉత్తుత్తిదానికి ఏమొస్తాది సార్?"

"పిల్లలు నేర్చుకుంటారు."

"నేర్చుకోని ఏం చేస్తారు?"

"మా మాదిరి అవుతారు."

పక్కీరప్ప అతని ముఖంకేసి చూశాడు. హాస్యం కాదు. సంజీవరాయుడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

పక్కీరప్ప ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కరూ, అయ్యా నీ గోడ ఏమిటి, ఎక్కడ కట్టారు, నీకేం కావాలి అని అడగలేదు. ఉత్తుత్తిగానైనా ఎవరో ఒకరు వింటారు గదా అనుకున్నాడు.

మూడో వారం విచారణ. గుంటూరు కుర్రాడు న్యాయమూర్తి. యశస్విని వాది తరపు ప్లీడరు. ప్రభుత్వం తరపున సంజీవరాయుడే నిలబడ్డాడు, ఎలా నిలబడాలో పిల్లలు చూసి నేర్చుకోవాలని.

పక్కీరప్ప చెప్పాడు. గోడ గురించి పదిమాటలు చెప్పాడు. ఇమాంబి గురించి చెప్పలేదు, అది వాళ్ళకు సంబంధించిన విషయం కాదు. "నేను పోయినప్పుడు నన్ను మోసుకోని పోయేవాళ్ళు వంకలో జారి పడకూడదు, అంతే" అన్నాడు.

గుంటూరు కుర్రాడు ప్రభుత్వం వైపు తిరిగాడు. "మీ జవాబు?"

సంజీవరాయుడి నోరు ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ తనంతట తనే తెరుచుకుంది. "గడువు కావాలి అయ్యా. పై అధికారుల నుంచి సూచనలు రావలసి ఉంది."

"ఎందుకు? మీరు ఇక్కడే ఉన్నారు. గోడ అక్కడే ఉంది. గడువు ఇవ్వను."

ఆ మాట ఆ ఆఫీసులో ఎవరూ ఎన్నడూ వినలేదు. పుస్తకం చూసి నేర్చుకున్న పిల్లవాడు, ఆనవాయితీ తెలియదు. అరగంటలో తీర్పు చెప్పేశాడు. పదిహేను రోజుల్లో గోడ ఎనిమిదడుగులు తీసి దారి వదలాలి.

తీర్పును టైపిస్టు ఆఫీసు కాగితం మీదే కొట్టాడు, వేరే కాగితం లేదు. ఆఫీసు ముద్రే వేశాడు, వేరే ముద్ర లేదు. తపాలా గుమాస్తా దానికి నంబరు వేసి, ఒక ప్రతి గిడ్డంగికి పంపాడు. ముద్ర ఉన్న ఏ కాగితమైనా నంబరు వేసి సంబంధిత కార్యాలయానికి పంపాలన్నది నియమం. నమూనా ముద్రకు వేరే నియమం లేదు.

గిడ్డంగి మేనేజరు ఆ తీర్పు చూసి నెత్తిన పెట్టుకున్నంత పని చేశాడు. అంత చిన్నదిగా, అర్థమయ్యే తెలుగులో, ఒక్క పేజీలో ఉన్న కోర్టు కాగితం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. వెంటనే మేస్త్రీని పంపాడు. మేస్త్రీ గోడ మీద సుద్దతో రెండు గీతలు గీసి, పైనుంచి రెండు వరసల రాళ్ళు దింపాడు.

పక్కీరప్ప ఆ సాయంత్రం గోడ దగ్గర నిలబడ్డాడు. తగ్గిన రెండు వరసల మీదుగా మిట్ట పైభాగం కనిపించింది. తుమ్మచెట్టు కనిపించింది. దాని కిందే ఇమాంబి. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ చెట్టు ఈ వైపు నుంచి కనిపించడం అదే మొదలు.

"ఇంకెన్నాళ్ళు నాయినా?" అని మేస్త్రీని అడిగాడు.

"రేపు సగం, ఎల్లుండి సగం. శుక్రవారం నువ్వు చేతులూపుకుంటా పోవచ్చు పెద్దాయనా."

గురువారం పొద్దున్నే పని ఆగింది.

సంజీవరాయుడు తపాలా పుస్తకం తిప్పుతుండగా ఆ నంబరు కంటపడింది. ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా వచ్చిన ప్రతి తీర్పు మీదా గడువులోగా అప్పీలు వెయ్యాలి, వెయ్యనివారి మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలి అని స్థాయీ ఉత్తర్వు ఉంది. పని ఆపమని గిడ్డంగికి ఫోను చేసి, ఆ కాగితం పట్టుకుని వరదరాజులు గారి ఇంటికి పరుగెత్తాడు.

"అది నమూనా తీర్పు గదయ్యా" అన్నారు వరదరాజులు గారు.

"ఉత్తర్వులో 'ప్రతి తీర్పు' అని ఉంది సార్. నమూనావి తప్ప అని లేదు. రేపు ఆడిట్ వాడు అడిగితే ఎవరు జవాబు చెప్తారు?"

వరదరాజులు గారు ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివారు. లేదు. నమూనావి తప్ప అని లేదు.

"అయితే అప్పీలు తప్పదు. తక్షణము దాఖలు కావలెను. యథాతథ స్థితి కూడా కోరవలెను."

కోర్టులు తెరిచిన రోజే అప్పీలు పడింది. పైకోర్టు ఆఫీసువాళ్ళు మూడు అభ్యంతరాలు రాసి తిప్పి పంపారు. మార్జిను చాలలేదు. స్టాంపు వంకరగా అతికించారు. ఏడో పేజీకి నంబరు లేదు. తీర్పు నిజమైంది కాదన్న అభ్యంతరం ఎవరికీ తట్టలేదు. మూడూ సరిదిద్ది ఇచ్చాక, మొదటి వాయిదాలోనే ఉన్నది ఉన్నట్టు ఉంచమని ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు చూపించి కింది కోర్టులో అసలు దావాను పక్కన పెట్టించారు. వరదరాజులు గారు ఆ దావాలో గడువు అడగకుండా మాట్లాడింది ఆ ఒక్క రోజే.

మేస్త్రీ దింపిన రెండు వరసల రాళ్ళూ మళ్ళీ ఎక్కించారు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి కాబట్టి, సుద్దగీతలు కడిగారు. ఆ తర్వాత సంజీవరాయుడికి ఇంకో అనుమానం వచ్చింది. వివాదంలో ఉన్న విషయం మిట్టకు పోవడం. వాది వంకలో పడి చుట్టూ తిరిగి పోతే, అప్పీలు తేలకముందే మిట్టకు పోయినట్టే గదా. స్థితి మారినట్టే గదా. కాబట్టి వంక దగ్గర ఒక కానిస్టేబుల్‌ను కాపలా పెట్టమని పోలీసులకు రాశాడు. ఒక్క నెల శిక్షణతో పక్కీరప్పకు ఉన్న ఆ చుట్టుదారి కూడా పోయింది.

కాపలా పెట్టిన మొదటి శుక్రవారం అతను ఊదొత్తుల కట్ట చేతపట్టుకుని వంక దగ్గరికి వచ్చాడు. కానిస్టేబుల్ పెద్ద పుల్లయ్య లేచి నిలబడ్డాడు. పక్క ఊరివాడే.

"స్టే ఉండాది పెద్దాయనా. నువ్వు అవతలికి పోగూడదు."

"ఎవరు పోగూడదు?"

"నువ్వే. పేరు రాసినారు."

"నేను చస్తే?"

పుల్లయ్య కాగితం తిప్పి చూశాడు. "దాని గురించి ఏం రాయలే."

"అడుగు మరి. నేను ఈడనే కూచుంటా."

పుల్లయ్య సంజీవరాయుడికి ఫోను చేశాడు. చాలాసేపు "సరే సార్, సరే సార్" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"శవానికి అభ్యంతరం లేదంట. కాకపోతే ముందుగాల అనుమతి తీసుకోవాలంట. డెత్ సర్టిఫికెట్ జతచేసి, వాది స్వయంగా అర్జీ పెట్టుకోవాలంట."

"స్వయంగానా?"

"అట్లనే చెప్పినాడు. నన్ను తిట్టొద్దు, నేను విన్నది చెప్తాండా."

పక్కీరప్ప నవ్వలేదు. కర్ర ఊని లేచి, ఒక్కో మోకాలు కూడదీసుకుంటూ వంకలోకి దిగాడు.

"పెద్దాయనా, నేను రాసుకోవాల్సి వస్తాది" అన్నాడు పుల్లయ్య.

"రాసుకో."

"ఏమని రాయాల?"

"ముసలోడు పెండ్లాం కాడికి పోయినాడని రాయి."

పుల్లయ్య అలాగే రాశాడు. అతను చదివింది తక్కువ, చెప్పింది చెప్పినట్టు రాసే అలవాటు.

పన్నెండు రోజుల తర్వాత పక్కీరప్పకు రిజిస్టరు తపాలాలో కాగితాలు వచ్చాయి. కోర్టు ధిక్కార పిటిషను. పోస్టుమాన్ అరుగు మీద కూర్చుని చదివి వినిపించాడు. ఆ నేరం జరిగిన నాలుగో రోజుకే పిటిషను తయారైంది. మార్జిను సరిగ్గా ఉంది. స్టాంపు నిటారుగా ఉంది. ప్రతి పేజీకీ నంబరు ఉంది. ప్రతివాది వయసు, వృత్తి, మోకాళ్ళ నొప్పి ఉన్నా దూరం నడవగలడన్న సంగతి, భార్య సమాధి చెట్టు కింద ఉన్న సంగతి, అన్నీ వరసగా, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. ఇంజనీరు ఉత్తరం మాట మాత్రం ఎక్కడా లేదు.

"శానా గట్టిగా రాసినారు తాతా. తప్పించుకోడానికి సందు లేదు" అన్నాడు పోస్టుమాన్. "చివర్లో ఒక మాట ఉండాది. 'శిక్షణ పొడిగించబడిన ఉత్తమ శిక్షణార్థిచే తయారు చేయబడినది' అని. కింద సంతకం."

"ఎవరిది?"

"యశస్విని అని ఉండాది."

పక్కీరప్ప కాగితం చేతిలోకి తీసుకుని సంతకం వైపు చూశాడు. అతనికి చదవడం రాదు. ఆ అమ్మాయి బెంచీ పక్కనుంచి పోతూ ఒకసారి తనకు నీళ్ళు ఇచ్చిన సంగతి గుర్తొచ్చింది.

"పిల్ల నేర్చుకునింది" అన్నాడు. కాగితం మడిచి, ఊదొత్తులు ముట్టించుకోవడానికి పనికొస్తుందని జేబులో పెట్టుకున్నాడు.